రెండుసార్లు చదివిన లెక్కలు

డిగ్రీ చదివే పిల్లలు ఇప్పుడు క్రెడిట్లు, క్రెడిట్లు అంటుంటారు. ఆ మాట మా కాలేజీలోకి కొత్తగా వచ్చినప్పుడు సెల్‌ఫోన్‌లో వేసుకునే బ్యాలెన్స్ లాంటిదేమో అనుకున్నాను. అంత తప్పు కూడా కాదు. ఒక పేపరు చదివి పాసైతే నీ ఖాతాలో ఇన్ని అని పడతాయి. కాలేజీ మారితే వాటిని వెంట తీసుకుపోవచ్చని రూలు. రూలు చెప్పని సంగతి ఒకటుంది. నువ్వు మోసుకుపోయినదాన్ని అవతలివాడు చేయి చాపి అందుకోవాలి. ఆఫీసుల్లో చేయి చాపడమంటే సంతకం పెట్టడమే.

నేను కరీంనగర్‌లో ఒక డిగ్రీ కాలేజీలో అటెండర్‌గా చేసి రిటైరైనదాన్ని. బెల్లు కొట్టడం, నీళ్లు పెట్టడం, ఈ గదిలో ఫైలు ఆ గదికి మోయడం నా పని. నా భర్త అక్కడే వాచ్‌మన్. ఆయన పోతే ఉద్యోగం నాకిచ్చారు. అప్పటిదాకా బీడీలు చుట్టుకుని బతికాను. జీతం రోజు వేలిముద్ర వేసి, ఆ సిరా చీర కొంగుకు తుడుచుకునేదాన్ని. ముప్పై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను.

నేర్పింది మా లెక్కల సారు. అప్పుడాయన కొత్తగా చేరిన కుర్ర లెక్చరర్. క్లాసులు అయిపోయాక సాయంత్రం పూట నన్నూ తోటమాలినీ ఖాళీ గదిలో కూర్చోబెట్టేవారు. మొదటి రోజు నేను తలుపు దగ్గరే నిలబడి, "నాకు ఒక్క ముక్క రాదు సార్, నన్ను ఇడిసిపెట్టుండ్రి" అన్నాను.

"బీడీలు చుట్టినవు గద. కట్టకు ఎన్ని?" అన్నారాయన.

చెప్పాను. అలాంటి కట్టలు ఇన్నుంటే ఎన్ని బీడీలు, అందులో సేటు ఇన్ని పాసు కాలేదని పడేస్తే మిగిలినవెన్ని అని అడిగారు. ఆయన మాట పూర్తికాకముందే చెప్పేశాను.

"నీకు లెక్కలు వచ్చమ్మా. అంకెలు రాయ రాదు, అంతే" అన్నారు.

నన్ను ఒకటి నుంచి మొదలుపెట్టించలేదు. నాకు వచ్చినదాన్ని వచ్చినట్టే ఒప్పుకుని, రానిదాని దగ్గర చాక్‌పీసు పట్టారు. జీవితంలో నాకు అంత మర్యాద చేసినవాళ్లు తక్కువ. ఆయన మంచి మనిషి. ఈ ముక్క ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత చెప్పబోయేది విని మీరు ఆయన్ను చెడ్డవాణ్ణి చేసి చేతులు దులుపుకుంటారని.

ఆ సారు ఊళ్లన్నీ తిరిగి, చివరికి మా కాలేజీకే ప్రిన్సిపాల్‌గా వచ్చారు. రిటైర్మెంట్ దగ్గరపడ్డ ఆ ఏడాదే ఆదిలాబాద్ వైపు నుంచి ఆ అమ్మాయి వచ్చింది.

పత్తి పండే ఊరు వాళ్లది. అక్కడి కాలేజీలో బి.ఎస్సీ మొదటి ఏడాది చదివి, రెండు సెమిస్టర్ల లెక్కలూ మంచి మార్కులతో పాసైంది. తల్లికి కిడ్నీలు చెడిపోయాయి. రోజు విడిచి రోజు డయాలసిస్ చేయించాలి. మేనమామ కరీంనగర్‌లో గ్రానైట్ పాలిష్ పట్టే పనిలో ఉంటే, ఆయన ఇంట్లో ఒక గది తీసుకుని తల్లీబిడ్డలు దిగారు. తండ్రి చేను చూసుకుంటూ అక్కడే ఉండిపోయాడు. సైన్సు చదివితే ల్యాబులతో పొద్దంతా కాలేజీలోనే పోతుంది. తల్లిని ఆసుపత్రికి ఎవరు తీసుకుపోతారు? అందుకని లెక్కలూ ఎకనామిక్సూ కలిసి ఉండే బి.ఏ.లో, నేరుగా రెండో ఏడాదిలో చేరతానని వచ్చింది. లెక్కలు పాసైంది కాబట్టి అవి ఇక్కడ జమ చేసుకోవాలి. మొదటి ఏడాది ఎకనామిక్స్ పేపర్లు మాత్రం కలిపి రాసుకుంటుంది. అడిగింది ఇంతే.

మా సూపరింటెండెంట్ ఆమె కాగితాలు వేలి కొసలతో తిప్పాడు.

"ఇది వేరే యూనివర్సిటీ గదమ్మా. గాడనే చదువుకోక ఈడికెందుకొచ్చినవ్?"

"మా అవ్వకు పానం బాగలేదు సార్. కిడ్నీలు ఖరాబైనయ్."

"అయ్యో" అన్నాడు. ఆ అయ్యో నిజమైనదే. అది అయిపోయాక గొంతు సవరించుకుని, "సిలబస్‌లు కలువాలె. కలిసినయని ప్రిన్సిపాల్ సారు రాసి సంతకం పెట్టాలె. అప్పుడే యూనివర్సిటీ సూస్తది. లేకుంటే ఫస్టియర్ల కూసో. ఏడాదే గద" అన్నాడు.

ఏడాదే గద అన్న మాట నేను మొదటిసారి విన్నది అప్పుడే.

ఎకనామిక్స్ చెప్పే మేడం అక్కడే రిజిస్టర్‌లో సంతకం చేస్తోంది. అమ్మాయి వైపు తిరిగి, "ఎకనామిక్సే ఎందుకు? తెలుగో హిస్టరీయో తీసుకుంటే నీకు తేలికయితది గద" అంది.

"మేం పత్తి ఏరంగనే ధర ఎందుకు పడ్తదో తెల్సుకోవాలె మేడం."

మేడం పెద్దగా నవ్వింది. "అది నాకు తెలిస్తే నేను గీ చాక్‌పీసు పట్టుకోని ఎందుకుంట బిడ్డా?" అంది. నవ్వింది గానీ ఆ రోజు నుంచి ఆ ఫైలు ఎక్కడుందో మేడం అడుగుతూనే ఉంది. రెండు సిలబస్‌లూ పక్కపక్కన పెట్టి పాఠం పాఠం సరిచూసింది. అక్కడ మొదటి సెమిస్టర్‌లో చెప్పింది ఇక్కడ రెండోదాంట్లో ఉంది, ఇక్కడ ముందున్నది అక్కడ వెనక ఉంది. చివర్లో ఒక పాఠం మాత్రం అక్కడ లేదు. ఎకనామిక్స్‌కు ఆ పాఠంతో పని లేదని మేడం చెప్పింది. అందులో నిజమెంతో చెప్పే చదువు నాకు లేదు. చెప్పింది చెబుతున్నాను.

ప్రిన్సిపాల్ సారు అమ్మాయిని తన గదికి పిలిచారు. అక్కడ గోడకు చిన్న నల్లబల్ల ఉండేది. ప్రిన్సిపాల్ గదిలో బల్ల ఎందుకని ఎవరైనా అంటే, "చెయ్యి దురదపెడ్తదయ్యా" అనేవారు. నేను టీ పట్టుకుని లోపలికి పోయేసరికి ఆమె బల్ల మీద రాస్తోంది. కొంగు నడుముకు చెక్కుకుని నాట్లు వేసే ఆడమనిషిలా తలెత్తకుండా రాస్తోంది. సారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఒక లెక్క అవగానే ఇంకోటి, అది అవగానే మరోటి ఇచ్చారు. టీ చల్లారిపోయింది. ఆయన ముఖంలో నేను చాలా ఏళ్ల తర్వాత ఆ కుర్ర లెక్చరర్‌ను చూశాను.

"ఆడ చెప్పిన లెక్కలే గివి. ముందటియి ఎనుకకు, ఎనుకటియి ముందటికి ఉన్నయి, అంతే. ఫైలు పెట్టుమనుండ్రి. నేను రాస్త" అన్నారు.

అమ్మాయి బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్న తల్లి పక్కన కూలబడింది. చేతికంటిన చాక్‌పీసు పొడిని చూసుకుంటోంది.

"ఏమన్నడే?" అంది తల్లి.

"రాస్తనన్నడవ్వా."

ఆ తల్లి సన్నగా ఎండిన పత్తికట్టెలా ఉండేది. డయాలసిస్ కోసం సూదులు గుచ్చే చేయిని ఒళ్లో పెట్టుకుని, పసిపిల్లను పట్టుకున్నట్టు రెండో చేత్తో పట్టుకుని కూర్చునేది. నేను నీళ్లిస్తే రెండు గుక్కలే తాగింది. అంతకంటే తాగొద్దట.

"అక్కా, ఒకటడుగుత" అంది నాతో. "మా దిక్కు పత్తి ఒక మార్కెట్ల కాంట పెట్టి ఇంకో మార్కెట్‌కు తీస్కపోతే మల్ల కాంట పెడ్తరు, మల్ల తరుగు తీస్తరు. నా బిడ్డ సదివిన లెక్కలకు గూడ తరుగు తీస్తరా?"

"సారు రాస్తనన్నడు గద. ఫికర్ జెయ్యకు" అన్నాను.

"ఆడ కౌంటర్ల సారు ఏడాదే గద అన్నడు. ఆయనకేం ఎరుక? నాకు మిషన్ మీదికెల్లి లేసిన రోజే ఒక రోజు. ఏడాదంటె నాకెంత పెద్దగుంటదో ఆయనకెట్ల తెలుస్తది? దీని డిగ్రీ సూసి పోవాలె నేను."

"నువ్వూకో అవ్వా. గీడ గూడ అదేనా" అని కసిరింది బిడ్డ.

ఇక మా ఆఫీసు ఆచారం ఒకటి చెప్పాలి. ఇది ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు. రిటైర్ కాబోయే ఆఫీసరు చివరి నెలలో కొత్త కాగితం మీద సంతకం పెట్టడు. జీతాల బిల్లు, సెలవు చీటీ లాంటివి తప్ప మిగతావన్నీ "చర్చించాలి" అని రాసి వెనక్కి పంపుతాడు. ఎవరితో చర్చించాలో, ఎప్పుడు చర్చించాలో ఉండదు. వచ్చేవాడు వచ్చాక చూసుకుంటాడు. కారణం భయం. అంతకుముందు పనిచేసిన ఒక ప్రిన్సిపాల్ ఇలాగే ఒక పిల్లవాణ్ణి జాలిపడి చేర్చుకున్నాడు. ఆడిట్‌వాళ్లు అర్హత లేదని రాశారు. ఆయన పెన్షన్ ఆగిపోయింది. ఆ పెద్దాయన మా వరండాలో చెప్పులు అరిగేలా తిరగడం మేమంతా చూశాం. మా సారూ చూశారు. కాబట్టి ఆ భయం గాలిలోంచి పుట్టింది కాదు.

అమ్మాయి ఫైలు సారు టేబుల్ మీదికి చేరేసరికి ఆ చివరి నెల వచ్చేసింది. కాలేజీ మారే పిల్లల కాగితాలు యూనివర్సిటీకి పంపే గడువు కూడా ఆ నెలాఖరుకే.

నేను ఫైళ్లు సర్దుతుంటే సూపరింటెండెంట్, ప్రిన్సిపాల్ సారు పక్కన నిలబడి మెల్లగా అంటున్నాడు. "సార్, మీ పెన్షన్ కాగితాలు హైదరాబాద్‌ల ఉన్నయి. గీ టైంల వేరే యూనివర్సిటీ పిల్లకు మీరు సమానమని రాసిస్తే, రేపు ఎవడన్న ఒక్క పాఠం తక్కువున్నదని పట్టుకుంటే? మీ బిడ్డ పెండ్లి గూడ ముందట పెట్టుకున్నరు. నేను మీ మంచికే చెప్తున్న."

సారు ఫైలు తెరిచి చూశారు, మూశారు. "ఉండనియ్యి. సూద్దాం" అన్నారు.

ఆ సూద్దాం నెలంతా నడిచింది. అమ్మాయి తల్లిని ఆసుపత్రిలో మిషన్ మీద పడుకోబెట్టి, ఆటో ఎక్కి వచ్చి, బెంచీ మీద కూర్చుని, తిరిగి ఆటో ఎక్కేది. ఏమైంది పెద్దమ్మా అని కళ్లతోనే అడిగేది. మేడం రెండుసార్లు లోపలికి పోయి వాదించింది. రెండోసారి బయటికొచ్చి నాతో, "మీ సారుకు లెక్క తెల్సు. జవాబు రాయనీకే భయమయితుంది" అంది.

ఆఖరి రోజు కాలేజీలో సన్మానం. గేటు దగ్గర్నుంచి మామిడాకులు కట్టారు. సూపరింటెండెంట్ దండలు చెడిపోకుండా తడిగుడ్డ కప్పించి, ఎవరి తర్వాత ఎవరు వేయాలో వరుస చెబుతున్నాడు. వెనక వంటవాళ్లు బగారా అన్నం వండుతున్నారు. సారు మీదున్న శాలువా మీదే ఇంకో శాలువా కప్పుతుంటే చెమటకు తడిసిపోతున్నారు. మాట్లాడిన ప్రతివాళ్లూ ఆయన ఎంతమంది బీదపిల్లల జీవితాలు నిలబెట్టారో చెప్పారు. అందులో అబద్ధం ఒక్కటి లేదు. నన్ను కూడా మైకు ముందుకు తోశారు. సారు నాకు సంతకం నేర్పిండని చెప్పి దిగిపోయాను. అందరూ చప్పట్లు కొట్టారు.

అమ్మాయి పొద్దున్నే వచ్చి అదే బెంచీ మీద కూర్చుంది. సన్మానానికి వచ్చినవాళ్లు ఆమె పక్కనే చెప్పులు విడిచి, ఆమె పక్కనే తొడుక్కుని పోయారు.

భోజనాల ముందు సారు ముఖం కడుక్కోవడానికి తన గదిలోకి పోయారు. తువాలు పట్టుకుని నేను వెంట పోయాను. ఫైలు టేబుల్ మీదే ఉంది. ఎవరో దాని మీద స్వీటు పెట్టె పెట్టారు. పెట్టె తీసి పక్కన పెట్టాను.

"సార్, గా పిల్ల పొద్దటిసంది కూసున్నది."

"తెల్సమ్మా."

"గియాల దాటితే గడువు పోతది."

"అది గూడ తెల్సు."

నేను పుట్టుకతోనే మొండిదాన్ని. ఊరుకోలేకపోయాను. "నన్ను మీరు ఒకట్లకెల్లి చదివియ్యలే సార్. నాకొచ్చింది నాకొచ్చని ఒప్పుకున్నరు. గా పిల్లకొచ్చిందని మీరే గద బల్ల మీద సూసిండ్రు."

ఆయన తువాలులో ముఖం దాచుకుని చాలాసేపు తుడుచుకున్నారు.

"అప్పుడు నాకు పోయేటిది ఏం లేకుండెనమ్మా" అన్నారు.

తర్వాత అమ్మాయిని పిలవమన్నారు. పిలిచాను. ఆమె వచ్చి రెండు చేతులూ కట్టుకుని నిలబడింది. సారు బీరువాలోంచి తన పాత లెక్కల పుస్తకం తీశారు. ఆయన చదువుకున్న రోజుల నాటిది, అట్ట ఊడితే గుడ్డ అంటించిన పుస్తకం. మొదటి పేజీ తిప్పి, పెన్ను మూత తీసి, ఆకుపచ్చ సిరాతో "ఆశీస్సులతో" అని రాసి కింద సంతకం పెట్టారు. అదే పెన్ను. అదే సంతకం.

"మంచిగ చదువు బిడ్డా. నీ అసొంటి పిల్లకు ఫస్టియర్ మల్ల చదివితే బేస్ ఇంక గట్టిగయితది. ఏడాదే గద" అన్నారు.

ఆమె ఆ పేజీనే చూస్తూ నిలబడింది. సంతకం మీద సిరా ఇంకా ఆరలేదు. తర్వాత వంగి ఆయన కాళ్లకు దండం పెట్టింది. బయట బ్యాండువాళ్లు వాయించడం మొదలుపెట్టారు.

భోజనం చేసిపొమ్మంటే చేయలేదు. "అవ్వను మిషన్ మీదికెల్లి దించే టైమయింది పెద్దమ్మా" అని గేటు వైపు నడిచింది.

ఆమె మొదటి ఏడాదిలోనే చేరింది. సర్క్యులర్ పట్టుకుని ఆ క్లాసుకు పోయినప్పుడల్లా కిటికీలోంచి చూసేదాన్ని. మొదట్లో లెక్చరర్ లెక్క బల్ల మీద రాసేలోపే చేయి ఎత్తేది. పిల్లలు లెక్కలక్క అని పేరు పెట్టారు. కొన్నాళ్లకు చేయి ఎత్తడం మానేసింది. ఇంకొన్నాళ్లకు పెన్ను పట్టుకోవడం కూడా మానేసి, బస్సులో నిలబడ్డ మనిషిలా ఎటో చూస్తూ కూర్చునేది. తిన్న అన్నమే మళ్లీ తినిపించి అరగలేదేమని అడిగితే ఎట్లా? ఎకనామిక్స్ క్లాసులో మాత్రం బాగానే అడిగేదని మేడం చెప్పేది. ఆసుపత్రి రోజుల్లో క్లాసుకు రాదు. హాజరు తక్కువైందని నోటీసు బోర్డు మీద పేరు పడింది. ఆ నోటీసు అంటించింది నేనే.

తర్వాత వచ్చిన ఇన్‌ఛార్జి ప్రిన్సిపాల్ పాత టేబుల్ ఖాళీ చేయిస్తూ, ఆ ఫైలును మంచీ చెడూ రాయకుండా "స్పష్టత కోరడమైనది" అని యూనివర్సిటీకి పంపించాడు. అందరం మరిచిపోయాం. ఆమె మొదటి ఏడాది రెండోసారి పాసై, రెండో ఏడాది మొదలైన తర్వాత జవాబు వచ్చింది. సిలబస్‌లు సమానమేనని, రెండు సెమిస్టర్ల లెక్కలూ జమ చేసుకోవచ్చని, అభ్యంతరం లేదని. మా సారు రాయడానికి భయపడ్డ మాటే.

కాగితం నేనే తీసుకుపోయి ఆమెకిచ్చాను. మెట్ల మీద కూర్చుని చదివింది.

"ఇంకిప్పుడు ఇది ఎవలకు సూపియ్యాలె పెద్దమ్మా?" అంది.

ఆమె సంచిలోంచి గుడ్డ అట్ట పుస్తకం తీసి, ఆ కాగితం మడిచి మొదటి పేజీలో పెట్టి, మూసింది.

ఆ చలికాలంలోనే సారు కాలేజీకి వచ్చారు. సర్వీసు పుస్తకంలో ఏదో పాత సెలవు ఎక్కలేదని పెన్షన్ ఇంకా పూర్తిగా తేలలేదు. ఎంత జాగ్రత్తగా బతికినా కాగితానికి ఆగాలనిపిస్తే ఆగుతుంది. సూపరింటెండెంట్ కుర్చీలో ఇప్పుడు కొత్తతను ఉన్నాడు. అతనికి ఈయనెవరో తెలియదు, బయట కూర్చోమన్నాడు. సారు వచ్చి ఆ అమ్మాయి కూర్చున్న బెంచీ మీదే కూర్చున్నారు. ఉన్నది ఒక్కటే బెంచీ, ఎవరైనా అక్కడే కూర్చోవాలి. నీళ్లు తెచ్చిచ్చాను. బిడ్డ పెళ్లి సంగతి అడిగాను. బాగా జరిగిందన్నారు.

గ్లాసు చేతిలో తిప్పుతూ, "గా ఆదిలాబాద్ పిల్ల ఎట్లున్నది?" అన్నారు.

"మంచిగనే ఉన్నది సార్. సెకండియర్‌కు వచ్చింది. యూనివర్సిటీకెల్లి జవాబు గూడ వచ్చింది, ఆ లెక్కలు చెల్లుతయని."

ఆయన ముఖం కొంచెం తేరుకుంది. "సూసినవా మరి. ఏం పోయింది? ఏడాదే గద."

"ఔ సార్" అన్నాను. "వాళ్లవ్వ గూడ ఆ ఏడాదిలనే పోయింది."

ఆయన గ్లాసు పట్టుకున్న చేయి ఒళ్లోకి దిగింది. నన్ను చూడలేదు, దేన్నీ చూడలేదు. లోపల్నుంచి ఆయన పేరు పిలిచారు. పొద్దున్నుంచీ ఆ పిలుపు కోసమే కూర్చున్న మనిషి లేవలేదు. మళ్లీ పిలిచారు.

"మిమ్ముల్నే సార్" అన్నాను.